ఎలిఫెంట్ కొండ కింది రైతు

కాన్‌బెర్రాలో చదువుకుంటున్న పిల్లలు, తమను చూడటానికి వచ్చిన అమ్మానాన్నల్ని తప్పకుండా తీసుకెళ్లే చోటు ఒకటుంది. ఆస్ట్రేలియా యుద్ధ స్మారక భవనం. అక్కడి నుంచి విమానాశ్రయం వైపు వెళ్లే రోడ్డు పేరు ఫెయిర్‌బెర్న్ అవెన్యూ. విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న వైమానిక స్థావరానికి కూడా ఫెయిర్‌బెర్న్ అనే పేరే పెట్టారు. బోర్డు మీద పేరు చదువుతాం. ఎవరో జనరల్ అయి ఉంటాడనుకుని ముందుకు సాగిపోతాం.

ఆయన గొర్రెల రైతు. విక్టోరియా రాష్ట్రంలో డెరినాలమ్ అనే చిన్న ఊరి దగ్గర, ఒక పాత అగ్నిపర్వతం నీడలో మందలు మేపినవాడు. పేరు జేమ్స్ వాలెంటైన్ ఫెయిర్‌బెర్న్. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రెండు నెలలకు ఆస్ట్రేలియాకు మొట్టమొదటి వైమానిక మంత్రి అయ్యాడు. ఆ పదవిలో తొమ్మిది నెలలే ఉన్నాడు. 1940 ఆగస్టు 13 ఉదయం కేబినెట్ సమావేశానికి వస్తూ, తన శాఖ విమానంలోనే, ఇప్పుడు ఆయన పేరున్న ఆ స్థావరం కళ్లముందే కొండ వెనక కూలి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్లు. విమానం పడిన చోటు కూడా ఒక రైతు పొలమే. కామెరాన్ అనే రైతుది.

యుద్ధాన్ని బల్ల ముందు కూర్చుని నిర్ణయించే నాయకుల గురించి మనం చాలా చదివాం. ఫెయిర్‌బెర్న్ ఆ కోవలోకి రాడు. వేల మంది కుర్రాళ్లను ఆకాశంలోకి పంపే ఒప్పందం కుదిర్చిన మనిషికి, ఆకాశంలో తూటా తగిలితే ఎలా ఉంటుందో సొంత ఒంటికే తెలుసు. ఆయన కుడి చేయి అందుకు సాక్ష్యం. ఆ చేయి గురించి చెప్పాలంటే ముందు నేల గురించి చెప్పాలి.

ఉన్ని నేల

మెల్‌బోర్న్ నుంచి పడమటికి కారులో రెండు గంటలు వెళ్తే నేల చదునైపోతుంది. ఎటు చూసినా గడ్డి. పొలాల మధ్య నల్లరాళ్లు పేర్చి కట్టిన గోడలు. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పెట్టి నిలబెట్టినవి. ఆ రాళ్లన్నీ ఒకప్పుడు లావా. ఆ మైదానం మధ్యలో ఒక్కసారిగా ఒక కొండ లేస్తుంది. చుట్టూ ఉన్న నేల కంటే సుమారు 240 మీటర్ల ఎత్తు. దూరం నుంచి చూస్తే ఏనుగు వీపులా ఉంటుంది కాబట్టి తెల్లవాళ్లు దానికి మౌంట్ ఎలిఫెంట్ అని పేరు పెట్టారు. ఆ కొండకు అంతకు ముందే పేరుంది. ఆ నేలకు అంతకు ముందే మనుషులున్నారు. 1830ల చివర్లో గొర్రెల మందలు వచ్చాయి. ఆ మందల వెనక తుపాకులూ వచ్చాయి. వేల ఏళ్లుగా అక్కడ బతికిన ఆదివాసులు కొన్నేళ్లలోనే సొంత నేల మీద దిక్కులేనివాళ్లయ్యారు. పశ్చిమ విక్టోరియా గొర్రెల ఐశ్వర్యం గురించి రాసేవాళ్లు ఈ మాట దాటవేయకూడదు.

ఫెయిర్‌బెర్న్‌ల వంశం ఆ ఐశ్వర్యంలో ముందు వరసలో ఉండేది. తాత కాలం నుంచీ గొర్రెలే. విక్టోరియాలోనే కాదు, ఎక్కడో ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో కూడా వాళ్లకు మేత భూములుండేవి. బాబాయిల్లో ఒకరైన స్టీవ్ ఫెయిర్‌బెర్న్ ఇంగ్లండ్‌లో పడవ పందేల శిక్షకుడిగా ఇప్పటికీ పేరున్న మనిషి. అందుకని మన ఊళ్లో రైతు అనగానే కళ్ల ముందు మెదిలే రెండెకరాల మనిషిని ఇక్కడ ఊహించుకోకూడదు. మన భాషలో చెప్పాలంటే మోతుబరి. కాకపోతే మంద దగ్గర తనే నిలబడే మోతుబరి.

1897 జూలై 28న ఇంగ్లండ్‌లో పుట్టాడు. చదువు ఆస్ట్రేలియాలోనే, సంపన్నుల పిల్లలు చదివే జీలాంగ్ గ్రామర్ స్కూల్లో. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బడి వయసే. 1916లో బ్రిటిష్ వైమానిక దళమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. ఫ్రాన్స్ మీద ఒంటి సీటు యుద్ధవిమానం నడిపాడు.

అప్పటి యుద్ధవిమానమంటే కొయ్య చట్రం, దాని మీద బిగించి కట్టిన గుడ్డ, ముందు ఒక ఇంజిన్. పైలట్‌కు పారాచూట్ కూడా ఇచ్చేవాళ్లు కాదు. కుడి చేయి విమానాన్ని తిప్పే కర్ర మీద, ఎడమ చేయి ఇంజిన్ వేగం మీద, కాళ్లు చుక్కాని మీద. 1917 తొలి నెలల్లో శత్రువు ఆయన్ని కూల్చాడు. తూటా చేతికి తగిలింది. కుడి చేతికే. ప్రాణంతో నేల చేరాడు, జర్మన్ల చేతికి చిక్కాడు. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు ఏడాదికి పైగా ఖైదీగా గడిపాడు. తిరిగి వచ్చాక కూడా ఆ చేయి పూర్తిగా బాగుపడలేదు.

మందలో పనికి, విమానంలో పనికి కూడా కుడి చేయి కావాలి. ఆయన రెండూ వదల్లేదు.

కొట్టంలో చేతులు

1923లో పెళ్లయింది. మరుసటి ఏడాది, 1924లో, డెరినాలమ్ దగ్గర మౌంట్ ఎలిఫెంట్ అనే మేత క్షేత్రాన్ని కొన్నాడు. కొండ పేరే క్షేత్రం పేరు.

ఆ క్షేత్రాల్లో ఏడాదికొకసారి వచ్చే పండగ, పరీక్ష, రెండూ ఉన్ని కోతే. మన గొల్లకురుమలు గొర్రెను నేల మీద పడుకోబెట్టి, కాళ్లు కట్టి, చేతి కత్తెరతో బొచ్చు తీస్తారు. అక్కడ పద్ధతి వేరు. కోసేవాడు గొర్రెను దొడ్డిలోంచి ముందుకాళ్లు పట్టి లాక్కొచ్చి, పిరుదుల మీద కూర్చోబెట్టి, వీపును తన మోకాళ్ల మధ్య ఇరికిస్తాడు. అలా కూర్చోబెట్టగానే గొర్రె గింజుకోవడం మానేస్తుంది. ముందు పొట్ట మీది ఉన్ని, తర్వాత వెనక కాలు, తర్వాత మెడ, తర్వాత వెన్ను పొడుగునా పెద్ద పెద్ద కోతలు. చర్మం తెగకూడదు, ఉన్ని తునకలు కాకూడదు. చివరికి గొర్రె ఒంటి మీది ఉన్నంతా ఒక్క దుప్పటిలా ఊడివస్తుంది. దాన్ని చువ్వల బల్ల మీదికి విసిరి పరుస్తారు. మురికి అంచులు పీకేస్తారు. ఉన్ని తరగతి తేల్చే మనిషి ఒక పోగు తీసి, వెలుతురుకు పట్టి, రెండు చేతులతో లాగి, చెవి దగ్గర టక్కుమనిపించి వింటాడు. పోగు తెగితే ఆ ఏడాది మేత ఎక్కడో తక్కువైందన్నమాట. తెగకపోతే మంచి ధర. గొర్రె ఏ నెలలో ఆకలి పడిందో ఆ వెంట్రుకలోనే రాసి ఉంటుంది.

మన దక్కనీ గొర్రె ఉన్ని ముతక. గొంగడికి అదే బలం. మెరీనో ఉన్ని ఒంటికి ఆనితే గుచ్చుకోనంత సన్నం. అదే ఆ మైదానాల సిరి. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం కమ్మినప్పుడు ఉన్ని ధర పడిపోయింది. ఫెయిర్‌బెర్న్ రాజకీయాల్లోకి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఆలోగా ఇంకో పని చేశాడు. సొంత విమానం కొనుక్కున్నాడు. దాన్ని జీపులాగా, గుర్రంలాగా వాడుకున్నాడు. అంత దూరాల దేశంలో ఒక మేత భూమి నుంచి ఇంకో మేత భూమికి రైలు మీద వెళ్తే రోజులు పడుతుంది. విమానంలో ఒక పూట. తర్వాతి రోజుల్లో డ్రాగన్‌ఫ్లై అనే చిన్న రెండు ఇంజిన్ల విమానాన్ని ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు తనే నడుపుకుంటూ వచ్చాడు. ఆ రోజుల్లో ఆ దారి సాధారణంగా కరాచీ, కలకత్తా, రంగూన్ మీదుగా పోయేది. దిగిన ప్రతిచోటా తనే నూనె చూసుకోవాలి, తనే వాతావరణం అడిగి తెలుసుకోవాలి. మబ్బును, గాలిని, దూరాన్ని అంచనా కట్టడం పైలట్‌కు ఎంత అవసరమో గొర్రెల రైతుకూ అంతే అవసరం.

సభలో పైలట్

1932లో విక్టోరియా శాసనసభకు వార్నంబూల్ నుంచి ఎన్నికయ్యాడు. యునైటెడ్ ఆస్ట్రేలియా పార్టీ. ఏడాదిన్నర తిరిగేసరికి పెద్ద అవకాశం వచ్చింది. మాజీ ప్రధాని స్టాన్లీ బ్రూస్ లండన్‌లో హైకమిషనర్ పదవికి వెళ్లడంతో ఫ్లిండర్స్ పార్లమెంటు స్థానం ఖాళీ అయింది. 1933 నవంబర్ ఉపఎన్నికలో ఫెయిర్‌బెర్న్ గెలిచాడు. ఆయన పొలం ఉన్నది మెల్‌బోర్న్‌కు పడమట, ఆయన నియోజకవర్గం మెల్‌బోర్న్‌కు ఆగ్నేయాన సముద్రపు ఒడ్డున.

సభలో ఆయన ప్రత్యేకత విమానయానం. అక్కడ ఆ మాట మాట్లాడే అర్హత ఉన్నవాళ్లు ఎంతమంది? 1938 అక్టోబర్ 25న జరిగిన ఒక ప్రమాదం ఆ చర్చను పార్లమెంటు గుమ్మంలోకి తెచ్చింది. అడిలైడ్ నుంచి మెల్‌బోర్న్ వస్తున్న కైమా అనే డగ్లస్ విమానం మబ్బులో దారి తప్పి, దిగాల్సిన చోటు దాటిపోయి, మౌంట్ డాండెనాంగ్‌ను గుద్దుకుంది. అందులో ఉన్న 18 మందీ చనిపోయారు. దారి చూపే రేడియో సంకేత పరికరాలు కొని తెచ్చి కూడా అప్పటికి వాడకంలోకి తేలేదని తేలింది.

చనిపోయినవాళ్లలో చార్లెస్ హాకర్ ఉన్నాడు. ఆయనా గొర్రెల రైతే, ఆయనా పార్లమెంటు సభ్యుడే, ఆయనా మొదటి యుద్ధంలో దెబ్బతిన్నవాడే. ఒక కన్ను పోయింది, తర్వాత నడుము కింది భాగం చచ్చుబడింది, పట్టుదలతో ఇనుప కడ్డీల ఊతంతో మళ్లీ నడిచాడు. మంత్రిగా ఉంటూ, సభ్యుల జీతాల కోత విషయంలో సొంత ప్రభుత్వంతో విభేదించి 1932లో పదవి వదిలేసుకున్నవాడు. అలాంటి మనిషి ఒక మబ్బు కొండలో పోయాడు. దేశం కదిలింది. పౌర విమానయానానికి విడిగా ఒక శాఖ పుట్టింది. ఆరు నెలలకు, 1939 ఏప్రిల్‌లో, కొత్త ప్రధాని రాబర్ట్ మెంజీస్ ఆ శాఖను ఫెయిర్‌బెర్న్ చేతిలో పెట్టాడు.

హాకర్ మరణం గురించి, ఫెయిర్‌బెర్న్ మరణం గురించి విడివిడిగా చాలా రాశారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒక తరం మొత్తం కనిపించింది. ఇరవై ఏళ్లకు గాయపడి, ముప్పై ఏళ్లకు మందలు చూసుకుని, నలభై ఏళ్లకు దేశం పిలిస్తే వచ్చి, విమానంలో పోయినవాళ్లు.

28 వేల మంది

1939 సెప్టెంబర్ 3న యుద్ధం. ఆ రోజు ఆస్ట్రేలియా వైమానిక దళంలో ఉన్నవాళ్లు 3,489 మంది. విమానాలు 246, వాటిలో చాలావరకు యుద్ధానికి పనికిరానివి.

బ్రిటన్‌కు పైలట్లు కావాలి. జర్మన్ విమానాలు తిరిగే ఆకాశం కింద కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వడం కుదరదు. విశాలమైన ఆకాశం, శత్రువు రాని ఆకాశం కావాలి. కెనడాకు, ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు అది ఉంది. ఆ ఆలోచనలోంచి పుట్టిందే సామ్రాజ్య వైమానిక శిక్షణ పథకం. ఒట్టావాలో చర్చలకు ఆస్ట్రేలియా బృందానికి నాయకుడిగా వెళ్లింది ఫెయిర్‌బెర్న్. 1939 డిసెంబర్ 17న ఒప్పందం కుదిరింది. ఆస్ట్రేలియా వంతు మూడేళ్లలో 28,000 మంది. అప్పటి మొత్తం వైమానిక దళానికి ఎనిమిది రెట్లు.

ఆ అంకె కింద సంతకానికి సిద్ధపడిన మనిషి ఏం ఆలోచించి ఉంటాడు? ఆ ఊహకు నేను వెళ్లను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ గదిలో ఉన్న రాజకీయ నాయకుల్లో, తుపాకి దెబ్బ తిని ఆకాశంలోంచి నేలకు దిగిన అనుభవం ఆయనకుంది. ఆ కుర్రాళ్లలో కొందరు తిరిగి రారని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ పథకం మీద విమర్శలూ ఉన్నాయి, వాటిలో బలముంది. శిక్షణ పొందిన కుర్రాళ్లు బ్రిటిష్ దళాల్లో చెల్లాచెదురుగా కలిసిపోయారు. వాళ్లను ఎక్కడ వాడాలో, ఎంతవరకు వాడాలో చెప్పే హక్కు ఆస్ట్రేలియాకు దాదాపు లేకపోయింది. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో పనిచేసిన ఆస్ట్రేలియన్లు దాదాపు పదివేల మంది. వాళ్లలో 3,486 మంది చనిపోయారు. సొంత ఇంటి ఆకాశాన్ని జపాన్ నుంచి కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు చేతిలో తగినన్ని విమానాలు లేవు. ఈ లెక్కలో ఫెయిర్‌బెర్న్‌కూ బాధ్యత ఉంది. ఆయన్ని గౌరవించేవాళ్లు దాన్ని దాచాల్సిన పని లేదు. 1939 చివర్లో, యూరప్‌లో యుద్ధం ఓడిపోతే ఆస్ట్రేలియా ఎలాగూ మిగలదని నమ్మిన తరం అది. ఆ నమ్మకంతోనే ఆయన పనిచేశాడు.

ఇదే సమయంలో ఇంకో ఒప్పందం జరిగింది. ఆస్ట్రేలియాలో కోసే ఉన్ని మొత్తాన్నీ, యుద్ధం ఉన్నన్నాళ్లూ, బ్రిటన్ కొనేసింది. పౌండు ఉన్నికి పదిముప్పావు పెన్నీలు. సైనికుడి కోటు, దుప్పటి, మేజోడు అన్నీ ఉన్నే కదా. మౌంట్ ఎలిఫెంట్ మైదానాల గొర్రెల ఒంటి మీది బొచ్చూ, ఆ ఊళ్ల కుర్రాళ్లూ ఒకే కాలంలో ఒకే వైపు ఓడలెక్కారు.

ఒట్టావా ఒప్పందానికి ముందే, 1939 నవంబర్ 13న, వైమానిక శాఖను విడిగా ఏర్పాటు చేసి ఫెయిర్‌బెర్న్‌ను మంత్రిని చేశారు. శిక్షణ పథకం కింద తొలి తరగతులు ఆస్ట్రేలియాలో 1940 ఏప్రిల్ 29న మొదలయ్యాయి. తొలి శిక్షణ కేంద్రాల్లో ఒకటి సోమర్స్‌లో పెట్టారు. సోమర్స్ ఉన్నది ఫ్లిండర్స్ నియోజకవర్గంలోనే.

ఆ మంగళవారం

1940 ఆగస్టు 13. మంగళవారం. ఇంగ్లండ్ మీద జర్మన్ వైమానిక దళం తన అతి పెద్ద దాడికి ముహూర్తం పెట్టుకున్న రోజు కూడా అదే. అక్కడ తెల్లవారకముందే ఇక్కడ ఈ కథ ముగిసిపోయింది.

కాన్‌బెర్రాలో కేబినెట్ సమావేశం. మెల్‌బోర్న్‌లోని ఎసెండన్ నుంచి వైమానిక దళం హడ్సన్ విమానం బయల్దేరింది. అమెరికాలో లాక్‌హీడ్ కంపెనీ చేసిన కొత్త రెండు ఇంజిన్ల బాంబర్, నంబర్ ఏ16-97. లోపల పదిమంది.

ఫెయిర్‌బెర్న్. సైనిక మంత్రి జెఫ్రీ స్ట్రీట్. కార్యనిర్వాహక మండలి ఉపాధ్యక్షుడు హెన్రీ గలెట్. సైన్యాధిపతి జనరల్ బ్రుడెనెల్ వైట్. ఆయన సహాయక అధికారి లెఫ్టినెంట్ కల్నల్ ఫ్రాన్సిస్ థార్న్‌త్వైట్. ఫెయిర్‌బెర్న్ కార్యదర్శి రిచర్డ్ ఎల్ఫర్డ్. విమాన సిబ్బంది నలుగురు: పైలట్ ఫ్లయిట్ లెఫ్టినెంట్ రాబర్ట్ హిచ్‌కాక్, రెండో పైలట్ రిచర్డ్ వీజనర్, కార్పొరల్ జాన్ పామర్, ఎయిర్‌క్రాఫ్ట్‌మన్ చార్లెస్ క్రాస్‌డేల్.

ఈ పేర్లలో నేల ఎంత ఉందో చూడండి. జెఫ్రీ స్ట్రీట్ పొలం లిస్మోర్‌లో. డెరినాలమ్‌కు పక్క ఊరు. గల్లిపోలీలో పోరాడి, మిలిటరీ క్రాస్ పతకం పొంది, తర్వాత గొర్రెలు పెంచుకుంటూ కొరంగమైట్ నుంచి పార్లమెంటుకు వచ్చినవాడు. అంటే ఒకే మైదానంలో పక్కపక్క ఊళ్ల గొర్రెల రైతులిద్దరు, ఒకరు సైన్యానికి, ఒకరు వైమానిక దళానికి మంత్రులై, ఒకే విమానంలో కూర్చున్నారు. వైట్ కథా అంతే. 1915 డిసెంబర్‌లో గల్లిపోలీ నుంచి వేలాది సైనికుల్ని శత్రువుకు తెలియకుండా వెనక్కి తెచ్చిన పథకం ఆయనది. పదవీ విరమణ చేసి, ఆ మైదానాలకు ఉత్తరాన బువాంగర్ దగ్గర గొర్రెలు పెంచుకుంటున్నాడు. 63 ఏళ్ల వయసులో మళ్లీ పిలిస్తే మంద వదిలి యూనిఫాం వేసుకున్నాడు. గలెట్ కూడా రైతు కుటుంబంలో పుట్టి, పత్రికా రచయితగా ఎదిగి, పాలస్తీనాలో ఆస్ట్రేలియా అశ్విక దళం చరిత్ర రాసిన మనిషి.

అసిస్టెంట్ మంత్రి ఆర్థర్ ఫాడెన్ కూడా ఆ విమానంలోనే రావాల్సి ఉందని, చివరికి రైలెక్కాడని, ఖాళీ అయిన ఆ సీటే ఎల్ఫర్డ్‌కు దక్కిందని చెబుతారు.

ఆకాశం నిర్మలంగా ఉంది. పదకొండు గంటల ప్రాంతంలో విమానం కాన్‌బెర్రా మీదికి వచ్చింది. నేల మీద ఉన్నవాళ్లు చూశారు. దిగడానికి చుట్టు తిరిగింది. ఒక గుట్ట వెనక్కి వెళ్లింది. మళ్లీ పైకి రాలేదు. ముందు మంట, తర్వాత నల్లటి పొగ. మనుషులు పరుగెత్తుకుంటూ చేరేసరికి విమానమంతా మండుతోంది. ఎవరినీ బయటికి తీయలేకపోయారు.

చక్రం ఎవరి చేతిలో?

విమానం కూలిన తీరు వరకు పెద్ద రహస్యం లేదు. రెక్క మీద గాలి తగినంత వేగంతో సాగితేనే విమానం నిలబడుతుంది. దిగేటప్పుడు వేగం తగ్గిస్తూ పోవాలి. ఒక గీత దాటి తగ్గితే గాలి పట్టు తప్పుతుంది. కింద చాలినంత ఎత్తు ఉంటే ముక్కు దించి వేగం తెచ్చుకోవచ్చు. ఎత్తు లేకపోతే నేలే మిగులుతుంది. హడ్సన్ ఈ విషయంలో మొండి విమానం. పట్టు తప్పేటప్పుడు ఒక రెక్క హఠాత్తుగా వాలిపోయే గుణం దానికుండేది. జస్టిస్ లూకిన్ నాయకత్వంలోని విచారణ సంఘమూ, వైమానిక దళ విచారణా ఈ వైపే మొగ్గాయి. కుట్ర జరిగిందనడానికి ఆధారం దొరకలేదు.

అసలు ప్రశ్న ఇంకొకటి. ఆ నిమిషంలో చక్రం పట్టుకున్నది హిచ్‌కాకా, ఫెయిర్‌బెర్నా? వైమానిక మంత్రి తనే నడిపి ఉంటాడన్న మాట ఆనాడే గుసగుసగా తిరిగింది. ఆయనకు హడ్సన్ నడపాలని ఆసక్తి ఉన్న మాట నిజం. ఆయన కుడి చేయి బలహీనమన్నదీ నిజం. చరిత్రకారుడు కామెరాన్ హేజిల్‌హర్స్ట్ ఆ పదిమంది జీవితాలనూ ఏళ్ల తరబడి తవ్వి 2013లో ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. దాని పేరులోనే కామెరాన్ పొలం ఉంది. ఎంత తవ్వినా చక్రం ఎవరిదో ఖాయంగా తేల్చే ఆధారం ఆ మంటల్లో మిగల్లేదు.

ఆ ప్రశ్న చుట్టూ ఎనభై ఏళ్లుగా తిరుగుతున్నందువల్ల ఇంకో ప్రశ్న వెనక పడిపోయిందనిపిస్తుంది. యుద్ధం మధ్యలో ముగ్గురు మంత్రుల్ని, సైన్యాధిపతిని ఒకే విమానంలో ఎందుకు కూర్చోబెట్టారు? ఆ రోజు ఆ లెక్క ఎవరూ వేయలేదు. విమానమంటే గుర్రం లాంటి మామూలు సాధనమని దేశానికి నమ్మకం కలిగించినవాళ్లలో ఫెయిర్‌బెర్న్ ముఖ్యుడు. ఆ నమ్మకమే ఆ ఉదయం అందరినీ ఒక తలుపులోంచి ఎక్కించింది. ఇక హిచ్‌కాక్ విషయం. మంత్రి పేరు చుట్టూ ఎంత చర్చ జరిగినా, ఆ విమానానికి పైలట్‌గా రాసి ఉన్నది ఆ యువకుడి పేరు. తప్పో ఒప్పో చెప్పుకోవడానికి ఆయన మిగల్లేదు. ఆయన కుటుంబం ఆ నింద నీడలో బతికింది. ఆ నలుగురు సిబ్బంది పేర్లు మంత్రుల పేర్ల పక్కన అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలని నా పట్టు.

ఖాళీ అయిన కుర్చీలు

మెంజీస్ తన ఆఫీసులో ఉండగా కబురు అందింది. ఆ ముగ్గురూ ఆయనకు కేబినెట్ సహచరులే కాదు, పార్టీలో వెన్నుదన్నుగా నిలబడ్డ ఆప్తులు. ఫెయిర్‌బెర్న్ వైమానిక శాఖ మరుసటి రోజే ఫాడెన్‌కు వెళ్లింది. రైలెక్కి బతికాడంటున్న మనిషికే.

సెప్టెంబర్ 21న సాధారణ ఎన్నికలు. ప్రతినిధుల సభలో మెంజీస్ కూటమికి 36, లేబర్ శిబిరాలకు కలిపి 36. మిగిలిన ఇద్దరు ఇండిపెండెంట్ల దయ మీద ప్రభుత్వం నడిచింది. తనవాళ్లు అనుకునే మనుషులు తగ్గిపోయిన కేబినెట్‌లో మెంజీస్ ఒంటరైపోయాడు. 1941 ఆగస్టు చివర రాజీనామా చేశాడు. ఫాడెన్ ప్రధాని అయ్యాడు, ఐదు వారాలకే సభలో ఓడిపోయాడు. అక్టోబర్ 7న లేబర్ నాయకుడు జాన్ కర్టిన్ ప్రమాణం చేశాడు. రెండు నెలలకు జపాన్ యుద్ధంలోకి వచ్చింది. ఆ గుట్ట వెనక పడిన విమానమే ఇదంతా చేసిందనడం అతి అవుతుంది. మెంజీస్ మీద అసంతృప్తి అంతకుముందే ఉంది. కానీ కష్టకాలంలో పక్కన నిలబడే ముగ్గురు ఒకేసారి లేకుండా పోతే ఏ నాయకుడి కాళ్ల కింద నేలైనా కదులుతుంది.

లిస్మోర్‌లో జెఫ్రీ స్ట్రీట్ కొడుకు టోనీకి అప్పుడు పద్నాలుగేళ్లు. తర్వాత నావికాదళంలో పనిచేసి, ఊరికి వచ్చి వ్యవసాయం చేసి, 1966లో తండ్రి స్థానమైన కొరంగమైట్ నుంచే పార్లమెంటుకు వెళ్లాడు. 1980లో విదేశాంగ మంత్రి అయ్యాడు.

విమానం కూలిన చోట ఇప్పుడు పైన్ చెట్ల తోట. చెట్ల మధ్య ఒక స్మారక శిల. గొర్రెలు మేసిన వాలు మీద చెట్లు ఎత్తుగా పెరిగి, అక్కడి నుంచి విమానాశ్రయం కనిపించడం కష్టం. విమానాల చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

ఆగస్టు అంటే పశ్చిమ విక్టోరియాలో చలికాలం చివర, గొర్రెలు ఈనే కాలం. పచ్చిక మీద మంచు తడి ఆరకముందే పొలమంతా తిరిగి, పుట్టిన పిల్లలు తల్లుల పక్కనే ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ ఏడాది మౌంట్ ఎలిఫెంట్ యజమాని ఆ పనికి రాలేదు. ఏప్రిల్‌లో మొదలైన శిక్షణ తరగతుల కుర్రాళ్లు నవంబర్‌లో చదువు పూర్తి చేశారు. ఛాతీ మీద రెక్కల బ్యాడ్జీ కుట్టించుకుని, ఉన్ని కోట్లు వేసుకుని ఓడలెక్కారు. అప్పటికి ఆయన పోయి మూడు నెలలు.